భీమశంకరం గారి అధికారిక ఫేవరెట్

భీమశంకరం గారు భోజనం దగ్గర "బాగుంది" అన్న మాట మొన్న మొన్నటిదాకా జీవితంలో ఒక్కసారే అన్నారు. పెళ్ళైన కొత్తలో, అత్తవారింట మొదటి భోజనంలో అన్నారు. అత్తగారు అచ్చాయమ్మ గారు కంద బచ్చలి కూర వడ్డించి, తలుపు చాటున నిలబడి కొత్త అల్లుడి మొహంకేసే చూస్తున్నారు. ముద్ద ఇలా దిగిందో లేదో, గొంతులో దురద అలా మొదలైంది. ఆయన ఒంటికి కంద పడదు. అయినా కొత్త అల్లుడాయె, మర్యాద ఒకటి ఏడిసింది కదా! కళ్ళనీళ్ళు దిగమింగుకుని "బాగుందండీ" అన్నారు.

అంతే, అయిపోయింది. ఆ నాటి నుంచి పండక్కి కంద, పబ్బానికి కంద, జ్వరం తగిలితే పథ్యానికి కూడా కాస్త పలచగా కంద. ఆవిడ ఉండేది ఏటి అవతల లంకలో. ఆదివారం వచ్చిందంటే చాలు, పంటు మీద ఏరు దాటి క్యారియర్ వచ్చేస్తుంది. భార్య శేషారత్నం మూత తీసి "మా అమ్మకి మీరంటే ఎంత ప్రాణమోనండీ!" అని మురిసిపోతుంది. ఆయన మింగుతారు. తర్వాత పెరట్లోకి పోయి గుప్పెడు చింతపండు చప్పరిస్తారు. అప్పట్నుంచీ ఎవరు ఏం పెడతామన్నా, ఏం తింటావన్నా ఆయనది ఒకటే జవాబు: "మీ ఇష్టమండీ."

ఇలాంటి మనిషికి భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క సుఖం, ఆయన పనిచేసే కొబ్బరి పీచు అభివృద్ధి సంస్థ వారి క్యాంటీను. అక్కడ వంటమాస్టరు గవర్రాజు తనకు తోచింది వండుతాడు. ఒకనాడు దొండకాయ, ఒకనాడు తోటకూర, సంత కలిసొస్తే గుత్తి వంకాయ. భీమశంకరం గారికి ఏది ఇష్టమో అక్కడ ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు. ఆ ప్రశాంతతలో ఆయన కళ్ళు మూసుకుని, ముద్ద ముద్దకీ లోపల్లోపల పరవశించిపోతూ, పైకి మాత్రం మొహం గోడలా పెట్టుకుని తినేవారు.

ఆ విస్తరి మీద రాయి వేసినవారు సంస్థ మేనేజింగ్ డైరెక్టరు ఉపద్రష్ట చయనులు గారు. ఆయన ఎక్కడో కొండల మీద వ్యక్తిత్వ వికాస శిక్షణకు వెళ్ళారు. వెళ్ళినప్పుడు బాగానే వెళ్ళారు పాపం. తిరిగొచ్చాక మాత్రం కారు దిగీ దిగగానే అందర్నీ మీటింగు హాల్లోకి పిలిపించారు.

"మిత్రులారా! మన సంస్థలో పీచు కలదు, తాడు కలదు, యంత్రము కలదు. లేనిదేమి? వ్యక్తిత్వము! వ్యక్తిత్వమునకు మూలమేమి? ఫేవరెట్! తన ఫేవరెట్ ఏదో ప్రకటించని ఉద్యోగి లేబులు లేని సీసా వంటివాడు. అందున్నది మందో, ఎలుకల మందో ఎవరు చెప్పగలరు? కావున నేటి నుండి ప్రతి ఉద్యోగికిని ఒక ఫేవరెట్ వంటకము తప్పనిసరి. దానిని మన క్యాంటీను అతనికి నిత్యమూ, నిరంతరమూ సమకూర్చును. ఇది సంస్థ మీపై కురిపించుచున్న వాత్సల్యముగా భావింపుడు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ హాల్లో చప్పట్లు కొడితే గానీ టీ రాదు.

ఈ వాత్సల్యాన్ని అమలు చేయడానికి ఫేవరెట్ల విభాగం అని ఒకటి పుట్టింది. దానికి అధికారిణి వాడ్రేవు హైమావతి గారు. నిన్నటిదాకా రంగుల సెక్షను చూసిన మనిషి, ఒక లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీని చంటిపిల్లలా చంకనేసుకుని వేదికెక్కారు.

"ఫేవరెట్ అనగా, అన్నిటికన్నా మిన్నగా ఇష్టపడునట్టి ఒక్కటి," అని చదివారు. "ఒక్కటే. కనుక 'మోస్ట్ ఫేవరెట్' అనువారికి మెమో ఇవ్వబడును. మిన్నకు మించిన మిన్న లేదు. 'నా ఫేవరెట్లలో ఇదొకటి' అనువారిపై నిఘా ఉంచబడును. అట్టివారికి ఇంట్లో ఒకటి, బయట ఒకటి ఉన్నట్లు సంస్థ భావించును."

వెనక బెంచీలో ఇద్దరు ముగ్గురు ఉలిక్కిపడ్డారు.

"రెండవ అర్థము. పైఅధికారి అభిమానమునకు పాత్రుడై, అర్హతకు మించిన లాభము పొందువాడు."

హాలు మొత్తం తలతిప్పి స్టోర్సు ఆఫీసరు సన్యాసిరావు వైపు చూసింది. సన్యాసిరావు ఫ్యాను వైపు చూశాడు.

"ఆ అర్థము మన సంస్థకు వర్తించదు," అన్నారు చయనులు గారు చప్పున. "ముందుకు వెళ్ళండి."

"మూడవ అర్థము. పందెములో గెలుచునని ఎల్లరూ తలంచు గుర్రము."

"మనకు గుర్రములు లేవు. ప్రకటనలు ప్రారంభింపుడు."

ఒక్కొక్కరే లేచి అందరి ముందూ తమ ఫేవరెట్ చెప్పాలి. చెప్పగానే అది రాసిన ప్లాస్టిక్ బిళ్ళ చొక్కాకి తగిలిస్తారు. సన్యాసిరావు బిర్యానీ అన్నాడు. అందరూ ఈర్ష్యపడ్డారు. చయనులు గారు శిక్షణలో నేర్పిన నిగ్రహం కొద్దీ "రాగి జావ!" అని గర్జించారు. టైపిస్టు కనకవల్లి లేచి సిగ్గుపడుతూ "పెసరట్టు ఉప్మా అండీ" అన్నదో లేదో, హైమావతి గారి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అది ఒకటా, రెండా?"

కమిటీ వేశారు. కమిటీవారు జీపేసుకుని జిల్లాలోని హోటళ్ళన్నీ తిరిగి, ప్రతిచోటా సాక్ష్యం తిని వచ్చి తీర్పిచ్చారు: ఉప్మా అట్టు లోపల ఉన్నచో ఒకటి, పక్కన ఉన్నచో రెండు. కనకవల్లి రోజూ తినేముందు అట్టు విప్పి చూపించాలి.

భీమశంకరం గారి వంతు వచ్చింది. ఆయన లేచి చేతులు కట్టుకున్నారు.

"మీ ఇష్టమండీ."

"అది మెనూలో లేదు," అన్నారు హైమావతి గారు.

"ఏదైనా ఫర్వాలేదండీ. ఏది పెడితే అది తింటాను."

"అంటే మీకు ఫేవరెట్ లేదా? లేక దాస్తున్నారా?"

"దాయడానికేముందండీ..." అని ఆయన నీళ్ళు నమిలారు. నోట్లో దొండకాయ వేపుడు అన్న మాట ఆడుతూనే ఉంది. అన్నారో, రిటైరయ్యేదాకా దొండకాయే. ఒక్క "బాగుంది"కి పడుతున్న శిక్ష చాలదూ? పళ్ళు బిగించుకుని కూర్చున్నారు.

"అనుమానాస్పదము," అన్నారు చయనులు గారు. "గృహ విచారణ జరిపించండి."

హైమావతి గారు ఏ ముహూర్తాన బయల్దేరారో గానీ, ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా భోజనాల వేళకి వచ్చారు. ఆ వారం క్యారియర్‌తో పాటు అచ్చాయమ్మ గారు కూడా పంటు దిగి వచ్చి ఉన్నారు.

"మీ అల్లుడు గారికి మిక్కిలి ప్రీతిపాత్రమైన వంటకమేదో తెలుపగలరా?" అన్నారు హైమావతి గారు.

"అయ్యో, దానికంత ఆలోచనేంటమ్మా!" అచ్చాయమ్మ గారి మొహం చేటంతయింది. "కంద బచ్చలి! అదంటే మా బాబుకి ప్రాణం. మొదటిరోజే బాగుందన్నారు. ఆ వేళ నించీ ఒక్క వారం మానలేదు నేను."

"రుజువు?"

"ఇదిగో, తింటున్నారుగా!"

నిజమే, తింటూనే ఉన్నారు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఆనందబాష్పములు," అని హైమావతి గారు రాసుకుని, ఆయన బనీనుకే బిళ్ళ తగిలించి వెళ్ళిపోయారు.

సోమవారం క్యాంటీన్లో గవర్రాజు ఆయన ముందు పళ్ళెం పెట్టి పళ్ళికిలించాడు. "కంద బచ్చలండి. మీకోసం ఆవ దట్టంగా దట్టించేనండి, ఆయ్!"

భూమ్మీద మిగిలిన ఆ ఒక్క సుఖమూ అలా పోయింది. ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది. ఇంట్లో వారానికొకసారి వచ్చే బాధ ఆఫీసులో రోజూ వచ్చిపడింది. జేబులో చింతపండు పొట్లం పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు.

ఆయనొక్కరే అనుకునేరు! కొద్ది రోజులు గడిచేసరికి క్యాంటీను మొత్తం ఆసుపత్రి వరండాలా తయారైంది. బిర్యానీ బిళ్ళ సన్యాసిరావు, బిర్యానీ వాసన తగిలితే చాలు గోడకి జారగిలబడిపోతున్నాడు. చయనులు గారు రాగి జావ గ్లాసు ముందు పెట్టుకుని, ఎదుటివాళ్ళ ఆవకాయలకేసి చూస్తూ "నిగ్రహము... నిగ్రహము" అని గొణుక్కుంటున్నారు. ఒకరి ఫేవరెట్ ఇంకొకరు ముట్టరాదని రూలు. కనకవల్లి పెసరట్టు వాసన పీలుస్తూ సన్యాసిరావు పట్టుబడ్డాడు. "పీల్చుటయు భుజించుటలో భాగమే" అని మెమో ఇచ్చారు. మార్చుకుంటామని అడిగినవాళ్ళకి "మారునది ఫేవరెట్ ఎట్లగును?" అని జవాబొచ్చింది.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి శాఖ కార్యదర్శి గారు తనిఖీకి వచ్చారు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. పొద్దున్నించీ పీచు గుట్టల మధ్య తిరిగి తిరిగి, ఆకలితో నకనకలాడుతూ క్యాంటీన్లో కూర్చున్నారు. హైమావతి గారు డిక్షనరీతో ఎదురుగా నిలబడ్డారు.

"సర్, మీ ఫేవరెట్?"

"ఏదైనా ఫర్వాలేదమ్మా," అన్నారాయన చిరునవ్వుతో. "మీ ఇష్టం."

భీమశంకరం గారు తల ఎత్తి చూశారు. తనలాంటి మనిషి ఇంకొకడున్నాడా లోకంలో అని ఆయన ప్రాణం లేచొచ్చింది.

క్యాంటీను మాత్రం కొయ్యబారిపోయింది. ఫేవరెట్ ప్రకటించని వ్యక్తికి వడ్డించరాదు. గవర్రాజు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కార్యదర్శి గారు ఖాళీ విస్తరి వైపూ, చుట్టూ తింటున్నవాళ్ళ వైపూ చూసి, మొహమాటంగా మంచినీళ్ళు తాగారు. మళ్ళీ తాగారు. చయనులు గారికి చెమటలు పట్టాయి.

భీమశంకరం గారు చూడలేకపోయారు. ఆకలిగొన్న మనిషి ముందు కూర్చుని ఎలా తింటాం చెప్పండి? లేచి, తన పళ్ళెం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టారు.

"ఇది మీ ఫేవరెట్ కదయ్యా! ఇంకొకరు ముట్టరాదు!" అని కేకేశారు హైమావతి గారు.

"సమర్పణము క్రింద చూపుదము!" అన్నారు చయనులు గారు, ప్రాణం కుదుటపడి.

కార్యదర్శి గారు ఆత్రంగా నాలుగు ముద్దలు తిన్నారు. అయిదో ముద్ద దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, మెడ ఒకసారి అటూ ఇటూ తిప్పారు. అందరూ తనకేసే చూస్తున్నారు. మర్యాదస్తుడాయె.

"బాగుందమ్మా," అన్నారు. "చాలా బాగుంది."

భీమశంకరం గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

మర్నాటి నుంచి రాజధానికి వెళ్ళే బస్సులో డ్రైవరు పక్కన క్యారియర్ ఒకటి ప్రయాణం కట్టింది. సాయంత్రానికి కార్యదర్శి గారి బల్ల మీద ఉండేది. వద్దని ఎలా అంటారు? బాగుందన్నది తనే కదా! పోనీ అవతల పారేద్దామా అంటే, కార్యదర్శి గారు తిన్నారా, తృప్తిపడ్డారా అని హైమావతి గారు రోజూ ఫోను. చివరికి ఆయన గొంతు వాచిపోయి మాట పడిపోయింది. వైద్యులు చూసి, ఏదో గొంతుకి పడనిది తింటున్నారన్నారు. ఏమిటా అని ఆరా తీస్తే తీగ లాగినట్టు అంతా వచ్చి భీమశంకరం గారి పళ్ళెం దగ్గర ఆగింది.

చార్జి మెమో వచ్చింది. "పై అధికారి కంఠమునందు బుద్ధిపూర్వకముగా దురద కలిగించినందులకు మిమ్ములను ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో తెలుపుడు."

విచారణ మీటింగు హాల్లో పెట్టారు. మెడకి మఫ్లరు చుట్టుకుని కార్యదర్శి గారే స్వయంగా వచ్చి కూర్చున్నారు. చయనులు గారు లేచి కేసు విప్పారు.

"భీమశంకరం! ఇందు రెండే మార్గములు. కంద నీ నిజమైన ఫేవరెట్ అయినచో, ఉత్తమమైన దానిని భక్తితో సమర్పించితివని భావించి నిర్దోషిగా వదలుదుము. నీకు జీవితాంతమూ కంద కొనసాగును. ఫేవరెట్ కానిచో, తప్పుడు ప్రకటన చేసినవాడవు. ఉద్యోగము పోవును. చెప్పుము."

తింటే ఉద్యోగం ఉంటుంది, నిజం చెబితే పోతుంది. ఇంతకన్నా చక్కటి ఇరకాటం ఏ శత్రువుకీ రాకూడదు. భీమశంకరం గారు "మీ ఇష్టమండీ" అనబోయి, ఈసారి అది చెల్లదని తెలిసి ఊరుకున్నారు.

"ఎందుకండీ ఇంత రాద్ధాంతం?" అంటూ సాక్షి బెంచీ మీంచి అచ్చాయమ్మ గారు లేచారు. కబురందగానే క్యారియర్ పట్టుకుని ఏరు దాటి వచ్చేశారావిడ. "మా అల్లుడు ఎవరి మీదైనా కుట్ర చేసే మనిషా? కంద అంటే ఆయనకి ప్రాణం. మీ అందరి ముందూ తినిపిస్తాను, చూసి నమ్మండి!"

గిన్నె మూత తీసి, అన్నంలో కూర కలిపి, ముద్ద చేసి అల్లుడి ముందుకి చెయ్యి చాపారు. భీమశంకరం గారు నోరు తెరిచారు కూడా. ఉద్యోగం నిలబడితే చాలు, పోతే పోయింది గొంతు అనుకున్నారు. అప్పుడు ఆ చెయ్యి ఆయన కళ్ళబడింది. వేళ్ళన్నీ ఎర్రగా పొక్కి, చర్మం పొట్టు రేగి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ కూరనే చూసి భయపడ్డారు గానీ, వండిన చేతిని ఆయన ఎన్నడూ చూడలేదు.

"అత్తయ్యగారూ, ఆ చెయ్యేంటండీ?"

"ఏముంది బాబూ, కంద కదా. తరిగితే దురదెడుతుంది. చింతపండు రాసుకుంటాన్లెండి. మీకిష్టం కదా, ఆ మాత్రానికేం!"

ఆయనకి సిగ్గు, జాలి, తన మీద తనకే ఒళ్ళుమంట. అన్నీ కలిసి ఒక్కసారిగా బయటపడ్డాయి.

"అత్తయ్యగారూ, నాకు కంద పడదండీ. ఏనాడూ పడలేదు. మొదటిరోజు మర్యాదకి బాగుందన్నానండీ."

అచ్చాయమ్మ గారు ముద్ద గిన్నెలో పడేశారు. ఆ కోపంలో మీరు పోయి నువ్వు వచ్చేసింది.

"ఓరి నీ మర్యాద మండా! ఈ ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందటయ్యా నీకు? నాకూ పడదు కంద! మా ఇంటా వంటా ఎవరూ తినరు! ఆ వేళ పెరట్లో ఇంకేం లేక అది వండి, ఈ పిల్లాడు ఏమంటాడో అని తలుపు వెనక గుండెలరచేత పట్టుకుని నిలబడ్డాను! నువ్వు బాగుందన్నావు, నేను నమ్మి చచ్చాను!"

"చూచితిరా! తప్పుడు ప్రకటన!" అని చయనులు గారు లేచారు. "తక్షణమే తొలగింపు..."

"ఆగవయ్యా," అని బొంగురు గొంతుతో కార్యదర్శి గారు అడ్డుపడ్డారు. "నేనూ మర్యాదకే బాగుందన్నాను."

హైమావతి గారు డిక్షనరీ తిరగేశారు. రూలు తిరగేశారు. రెండూ మూసి మెల్లగా అన్నారు: "అయితే సర్, ఉద్యోగం తమరిది కూడా పోతుంది."

చయనులు గారు హఠాత్తుగా కుర్చీలో కూలబడి "నాకు రాగి జావ అంటే అసహ్యము!" అని బావురుమన్నారు. సన్యాసిరావు బిర్యానీ బిళ్ళ పీకి నేలకేసి కొట్టాడు. కార్యదర్శి గారు మఫ్లరు సర్దుకుని, ఎవరూ ఏమీ ప్రకటించలేదని, ఎవరూ ఏమీ తినలేదని, అసలు విచారణే జరగలేదని తీర్మానించి కారెక్కేశారు.

ఉద్యోగం దక్కింది. అంతటితో వదిలితే అది సంస్థ ఎందుకవుతుంది? వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. "ఇకపై సంస్థ ఆవరణలో ఎవరికిని దేనియందును ఫేవరెట్ ఉండరాదు. భోజన సమయమున 'బాగున్నది' అనుటగాని, అట్టి భావము ముఖమునందు కనబరచుటగాని శిక్షార్హము." దీన్ని అమలు చేయడానికి అభిమాన నిరోధక విభాగం వెలిసింది. హైమావతి గారే అధికారిణి. అదే కుర్చీ, అదే డిక్షనరీ.

భీమశంకరం గారికి స్వర్గం తిరిగొచ్చింది. గవర్రాజు మళ్ళీ తోచింది వండుతున్నాడు. మొహం గోడలా పెట్టుకుని తినడంలో ఆయన్ని మించినవారు లేరు గనక, సంస్థ ఆయనకి ఉత్తమ ఉద్యోగిగా శాలువా కూడా కప్పింది.

ఆ ఆదివారం అచ్చాయమ్మ గారు ఖాళీ చేతులతో వచ్చారు. "ఇప్పుడైనా చెప్పండి బాబూ, ఏమిష్టం?" అన్నారు. శేషారత్నం వంటింటి గుమ్మంలో చెవులు రిక్కించుకుని నిలబడింది. దొండకాయ వేపుడు నాలుక చివరిదాకా వచ్చింది.

"మీ ఇష్టమండీ," అన్నారాయన.

ఆవిడ నిట్టూర్చి, పెరట్లో పాదు మీద అప్పటికప్పుడు కోసిన లేత బీరకాయలు తరిగి, పాలు పోసి కూర వండారు. వడ్డించి, మళ్ళీ ఆనాటిలాగే తలుపు చాటున నిలబడ్డారు.

మొదటి ముద్దకే భీమశంకరం గారికి ఒళ్ళు పులకరించింది. అలాంటి కూర ఆయన పుట్టి బుద్ధెరిగాక తినలేదు. నోరు మెదిపితే ఏమవుతుందో తెలుసు గనక, పళ్ళెంలోకే చూస్తూ గోడలా తిన్నారు. మారు వడ్డించుకుని మరీ తిన్నారు. తల ఎత్తేసరికి, తలుపు వెనక అచ్చాయమ్మ గారి మొహం వాడిపోయి ఉంది. పొక్కులింకా మానని చేతులు కొంగులో చుట్టుకుని, ఆవిడ కూతురితో గుసగుసగా అంటున్నారు: "మీ ఆయనకి నచ్చినట్టు లేదే. నాకసలు వండటమే చేతకాదేమో."

ఆయన వల్ల కాలేదు.

"అత్తయ్యగారూ," అన్నారు గట్టిగా, ఎంగిలి చెయ్యి పళ్ళెంలో పెట్టి. "చాలా బాగుందండీ. నిజంగా. ఒట్టు."

ఆవిడ మొహం వెలిగిపోయింది. తర్వాతి ఆదివారం పంటు మీద క్యారియర్ వచ్చింది. బీరకాయ. ఆ పై ఆదివారం బీరకాయ. పండక్కి బీరకాయ, పబ్బానికి బీరకాయ, మొన్న జలుబు చేస్తే కాస్త పలచగా బీరకాయ. భీమశంకరం గారు తింటున్నారు. దురద మాత్రం లేదు.